షాకులు పోతే... బ్రేకుకీ ముప్పే!

బండి ఆగలేదు. పెద్దగా చప్పుడూ లేదు. అంతమాత్రాన అంతా బాగున్నట్టేనా? అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్ల మీద రోజంతా సరకు మోసే పికప్ బళ్ల యజమానులు తప్పక వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

తెల్లవారుజామున ఎర్రగడ్డ రైతుబజారు నుంచి కూరగాయలు. ఎనిమిదింటికల్లా హాస్టళ్లకు మంచినీళ్ల క్యాన్లు. పదకొండుకు బియ్యం బస్తాలు. మధ్యాహ్నం ఈ హాస్టల్ నుంచి ఆ హాస్టల్‌కి మారేవాళ్ల మంచాలు, పరుపులు, పుస్తకాల పెట్టెలు. అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. కానీ ఆ కోచింగ్ కోసం ఊళ్ల నుంచి వచ్చిన వేలమందికి తిండీ నీళ్లూ చేరవేసేది మాత్రం చిన్న పికప్ బళ్లే. పగటిపూట పెద్ద లారీలకు నగరంలో ఆంక్షలుంటాయి. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో అవి పట్టనూ పట్టవు.

2005లో టాటా ఏస్ వచ్చింది. అప్పటిదాకా ట్రాలీ ఆటోలు చేస్తున్న పని క్రమంగా నాలుగు చక్రాల మీదికి మారింది. తరవాత మహీంద్రా, అశోక్ లేలాండ్, మారుతీ బళ్లూ తోడయ్యాయి. 2017 నవంబరులో అమీర్‌పేటకు మెట్రో వచ్చింది. 2018 సెప్టెంబరులో అది పంజాగుట్ట మీదుగా ఎల్బీనగర్ దాకా వెళ్లింది. మనుషులు పైకెక్కారుగానీ, సరకు మాత్రం ఇప్పటికీ ఆ స్తంభాల కిందే కదులుతోంది.

ఇలాంటి బళ్లలో చాలావాటికి నడిపేవాడే యజమాని. నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా కట్టాలి. బండి ఒక్కరోజు షెడ్డులో ఉంటే ఆ రోజు కిరాయి పోయినట్టే. అందుకే బండి మొరాయిస్తే తప్ప మెకానిక్ దగ్గరికి వెళ్లరు. చిక్కల్లా అక్కడే ఉంది. షాక్ అబ్జార్బర్ పాడైనంత మాత్రాన బండి ఆగిపోదు!

మోసేది కమాన్ కట్ట... నిలిపేది షాకు

బరువంతా షాకులే మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు మోసేవి కమాన్ కట్టలు. గుంతలో పడ్డప్పుడు వంగి, దెబ్బను తట్టుకునేవీ అవే. కాకపోతే వంగిన కమాను ఊరుకోదు. పైకి లేస్తుంది, మళ్లీ కిందికి దిగుతుంది. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును వెంటనే అణిచేయడమే షాకు పని.

దాని గొట్టంలో ఆయిల్ ఉంటుంది. లోపలి పిస్టన్ కదిలినప్పుడు ఆ ఆయిల్ సన్నని రంధ్రాలు, వాల్వుల గుండా ఇరుకుగా దూరి వెళ్లాలి. ఆ ఒత్తిడిలో ఊపు కాస్తా వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. కిలోమీటరు దూరంలో షాకు సుమారు వెయ్యిసార్లు కదులుతుందని తయారీదారుల లెక్క. అంటే 80 వేల కిలోమీటర్లకు దాదాపు ఎనిమిది కోట్లసార్లు! సీలు అరగకుండా, ఆయిల్ పలచబడకుండా ఎలా ఉంటుంది?

ఖాళీ బండితోనే కష్టం

కమాన్ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ కొంత ఊపును అవే తగ్గిస్తాయి. పైన లోడుంటే చక్రం రోడ్డును అణిచిపెట్టి ఉంటుంది. దాంతో షాకులు చచ్చినా డ్రైవరుకు వెంటనే తెలియదు. లోడు దింపి తిరిగొచ్చేటప్పుడే అసలు ముప్పు. బరువు మోయడానికి చేసిన గట్టి కమాన్లు ఖాళీ బండిని ఎగరేస్తాయి. వెనక చక్రాలు బంతుల్లా గెంతుతాయి.

టైరు రోడ్డును పట్టుకుంటేనే బ్రేకు పని చేస్తుంది. గెంతే టైరుకు ఆ పట్టు దొరకదు. బండి ఆగాల్సిన చోటు దాటి ముందుకు పోతుంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగేచోట ముందున్న బస్సు ఠక్కున ఆగిందనుకోండి... ఆ రెండుమూడు అడుగులే ప్రాణాల మీదికి తెస్తాయి. వానాకాలం మరీ ఘోరం. మైత్రీవనం దగ్గర నీళ్లు నిలిస్తే గుంత ఎక్కడుందో కనిపించదు. తడి రోడ్డు మీద టైరుకు అసలే పట్టు తక్కువ.

మితిమీరిన లోడు షాకులకు, కమాన్లకు రెండింటికీ శత్రువే. 750 కిలోలు మోయగల బండిలో 25 కిలోల బియ్యం బస్తాలు 30 వేస్తే సరిపోయింది. 20 లీటర్ల నీళ్ల క్యాన్లయితే 35కే నిండినట్టు. ఆ పైన వేసే ప్రతి బస్తా కమానును అదనంగా వంచుతుంది. షాకు అడుగంటా కుంగి లోపల దెబ్బ తింటుంది.

ఇలా కనిపెట్టండి

* షాకు గొట్టం మీద సన్నటి తడి పొర ఉంటే కంగారు అక్కర్లేదు. ఆయిల్ ధారగా కారి దుమ్ముతో జిడ్డు కట్టిందంటే సీలు పోయినట్టే.

* టైరు మీద అరచేత్తో నిమరండి. ఎత్తుపల్లాలుగా, మచ్చలు మచ్చలుగా అరిగి ఉంటే షాకుల్ని అనుమానించాల్సిందే. అలైన్‌మెంట్‌నూ చూపించాలి.

* పది కిలోమీటర్లు తిరిగొచ్చాక ఒకే ఆక్సిల్ మీదున్న రెండు షాకుల్నీ జాగ్రత్తగా తాకి చూడండి. పని చేసేది వెచ్చబడుతుంది. ఒకటి వెచ్చగా, ఇంకొకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది పని మానేసి ఉండొచ్చు. సైలెన్సర్‌కు మాత్రం చెయ్యి తగలనీయకండి.

* కారు మూలను నొక్కి వదిలి చూసే పద్ధతి పికప్‌ల విషయంలో నమ్మదగింది కాదు. గట్టి కమాన్లు చేతి బలానికి కదలవు.

మార్చేటప్పుడు...

ఒక్కటే పోయినా అదే ఆక్సిల్ మీది రెంటినీ మార్చాలి. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒకపక్కకు లాగొచ్చు. చాలా పికప్‌ల వెనకభాగంలో కమాను వేరు, షాకు వేరు కాబట్టి పని తేలికే. కాయిల్ స్ప్రింగుతో కలిసి ఉండేచోట మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. ఒత్తిడిలో ఉన్న స్ప్రింగు ఎగిరొస్తే మనిషి మిగలడు.

బండి చదునైన నేల మీద ఉండాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు, స్టాండు తప్పనిసరి. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే ఆయిల్ పట్టిస్తే పానాకు సులువుగా లొంగుతాయి. గ్యాస్ మంటతో కాల్చే అలవాటు చాలా ప్రమాదకరం. గ్యాస్ నింపిన షాకు పేలిపోవచ్చు.

పెట్టెలో అడ్డంగా పడుకోబెట్టిన ఆయిల్ షాకులో గాలి చేరి ఉండొచ్చు. బిగించే ముందు దాన్ని నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కాలి. మెరిసే రాడ్డును ప్లయర్‌తో పట్టుకోకూడదు. గీత పడితే అది సీలును కోసేస్తుంది. బుష్‌ల నట్లను బండి బరువు చక్రాల మీదికి దిగాకే చివరిసారి బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక నట్లు ఓసారి సరిచూసుకోవాలి.

రంగు చూసి మోసపోవద్దు

పాత షాకులో ఏదో ఒక ఆయిల్ పోసి, రంగేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి కొత్తదే. లోపలి వాల్వులు మాత్రం పాతవే. రాణిగంజ్‌లో కొన్నా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కొన్నా పార్టు నంబరు మీ బండి మోడల్‌తో సరిపోవాలి, బిల్లు చేతికి రావాలి. పొడవు తేడా ఉంటే అడుగంటైనా కొడుతుంది, పూర్తిగా సాగి తెగైనా పోతుంది.

20 వేల కిలోమీటర్లకోసారి చూపించుకోవడం, 80 వేలు దాటాక మార్చే ఆలోచన చేయడం తయారీదారులు సాధారణంగా చెప్పే మాట. గుంతల రోడ్డు మీద, నిండు లోడుతో తిరిగే బండికి ఆ గడువు ముందే రావచ్చు.

షాకుల జత ఖర్చు చూసి వెనకాడేవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. పాడైన షాకులు టైర్లను ముందే తినేస్తాయి, బుష్‌లను చింపుతాయి. అవన్నీ మళ్లీ కొనుక్కోవచ్చు. సిగ్నల్ దగ్గర రోడ్డు దాటుతున్న పిల్లాడికీ మీ బంపరుకీ మధ్య తగ్గిపోయిన ఆ రెండడుగుల్నీ మాత్రం ఏ దుకాణంలోనూ అమ్మరు!