12345654321: పాఠపరిష్కరణకు గణితసాక్ష్యం

మహావీరాచార్యుని 9వ శతాబ్దపు సంస్కృత ‘గణితసారసంగ్రహం’ను పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలోని గుణకార ఉదాహరణల్లో 27994681ని 441తో హెచ్చిస్తే 12345654321 వస్తుంది. ఎటునుంచి చదివినా ఈ సంఖ్య ఒకటే.

441 అనేది 21కి వర్గం; 27994681 అనేది 5291కి వర్గం. 21, 5291ల లబ్ధం 111111. కనుక ఫలితం 111111 వర్గమే. ఆరు ఒకట్ల వరుసను ఒక్కొక్క స్థానం జరుపుతూ ఆరుసార్లు రాసి కూడితే, నిలువు మొత్తాలు ఆరు వరకు పెరిగి మళ్లీ తగ్గుతాయి.

ఇటువంటి గ్రంథాల్లో అంకెలను భూతసంఖ్యలతోనూ చెప్పేవారు. లేఖకుడు ‘రస’ (6) ఉన్నచోట ‘గిరి’ (7) అని రాసినా, రెండూ రెండేసి లఘువులే కనుక గణం చెడదు. కాని 27994681లోని 6 స్థానంలో 7 చేరితే లబ్ధం 12345698421 అవుతుంది, సౌష్ఠవం చెడుతుంది. ఛందస్సు పట్టించని దోషాన్ని లెక్క పట్టిస్తుంది. అందువల్ల గణితపద్యాల పరిష్కర్త గుణించి కూడా చూడాలి.