అవసరం, గిరాకీ – ఒక పరిశీలన

ఒక వస్తువు కావాలనిపించడం కోరిక. దాన్ని కొనగల స్తోమతు, కొనాలన్న సంసిద్ధత తోడైనప్పుడే ఆ కోరిక గిరాకీ అవుతుంది. అర్థశాస్త్రం దీనినే డిమాండు అంటుంది. ఈ చిన్న నిర్వచనంలో ఒక పెద్ద సమస్య ఇమిడి ఉంది. చేతిలో పైకం లేనివాని ఆకలి ఎంత తీవ్రమైనదైనా అంగడి లెక్కకు రాదు. ఖమ్మం మైదానం దాటి, భద్రాచలం అడవుల అంచున జరిగే వారపు సంతలను పరిశీలిస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది.

దుమ్ముగూడెం, చర్ల వైపు గూడేల నుండి సంతకు వచ్చే ఒక కోయ కుటుంబాన్ని తీసుకుందాం. ఉల్లిగడ్డలు కిలో 40 రూపాయలు ఉంటే ఒక కిలో, 20 రూపాయలు ఉంటే రెండు కిలోలు కొంటుందనుకుందాం. ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే, ధర తగ్గినప్పుడు కొనే పరిమాణం పెరుగుతుంది, ధర పెరిగినప్పుడు తగ్గుతుంది. ఇదే డిమాండు సూత్రం. 1890లో వెలువడిన ఆల్‌ఫ్రెడ్ మార్షల్ గ్రంథం దీనికి విశేష ప్రచారం కల్పించింది. మొదటి కిలో వల్ల కలిగేంత ప్రయోజనం రెండవ కిలో వల్ల కలగదు. కనుక దానికి అంత ధర చెల్లించడానికి మనసొప్పదు. దీనికే క్షీణోపాంత ప్రయోజన సూత్రమని పేరు.

అయితే గిరాకీని నిర్ణయించేది ధర ఒక్కటే కాదు. వేసవిలో తునికాకు సేకరణ వల్ల అడవి బిడ్డల చేతికి కొంత పైకం వస్తుంది. అప్పుడు ధరలు మారకపోయినా బట్టలు, పాత్రలు ఎక్కువగా అమ్ముడుపోతాయి. ధర తగ్గినందువల్ల ఎక్కువ కొనడం ‘డిమాండు విస్తరణ’. ఆదాయం పెరిగినందువల్ల అదే ధరకు ఎక్కువ కొనడం ‘డిమాండు పెరుగుదల’. ఈ రెండింటినీ వేరుగా గుర్తించాలి.

ఇక ఉప్పు సంగతి వేరు. దాని ధర రెట్టింపైనా వాడకం సగం కాదు, చౌకైనందువల్ల ఎవరూ కూరలో రెట్టింపు వేసుకోరు. ఇట్టి గిరాకీని అవ్యాకోచ డిమాండు అంటారు. కొనక తప్పని వస్తువు ఒక్కని గుప్పిట్లో ఉంటే అతడు చెప్పిందే ధర. పూర్వం ఏజెన్సీలోని వర్తకులు ఉప్పు, బట్టలు ఇచ్చి, చింతపండు, ఇప్పపువ్వు వంటి అటవీ ఫలసాయాన్ని కారుచౌకగా తీసుకుపోవడానికి ఈ నిస్సహాయతే ఆధారం. ఇట్టి దోపిడీని అరికట్టడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అది ఒకవైపు అటవీ ఫలసాయాన్ని కొంటూ, మరోవైపు డిపోల ద్వారా నిత్యావసరాలు అమ్మసాగింది.

ఇస్లామీయ పండితులకు ఈ విషయాలు కొత్తవి కావు. ధరలు పెరగడానికి వర్తకుల అన్యాయమే ఎల్లప్పుడూ కారణం కాదనీ, సరుకు తగ్గినా, కోరేవారు పెరిగినా ధర పెరుగుతుందనీ ఇబ్నె తైమియా (1263–1328) వివరించారు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని సహచరులు కోరగా, ఎవరికీ అన్యాయం జరగరాదన్న భావంతో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అంగీకరించలేదని హదీసు తెలుపుతోంది. కాని ప్రజలకు అవసరమైన సరుకును వర్తకులు బిగబట్టినప్పుడు న్యాయమైన ధరకు అమ్మించే అధికారం పాలకునికి ఉందని ఇబ్నె తైమియా అభిప్రాయం. ధర సహజంగా పెరగడం వేరు, నిస్సహాయతను ఆసరాగా తీసుకుని పెంచడం వేరు.

ఇప్పుడు మొదటి సమస్యకు వద్దాం. డిమాండు సూత్రం ఉప్పును, సారాను ఒకే త్రాసులో తూస్తుంది. కలవాని విలాసాన్ని లెక్కిస్తుంది గాని, లేనివాని ఆకలిని లెక్కించదు. ఇది శాస్త్రం చేసిన తప్పు కాదు. అంగడిలో జరిగేదాన్ని చెప్పడమే దాని పని. ఆ లోటును పూడ్చవలసింది సమాజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ధర తగ్గించి పేదల అవసరాన్ని గిరాకీగా మార్చింది. జకాత్ మరో మార్గంలో, అనగా కొనుగోలు శక్తినే పేదవాని చేతికి అందించి, అదే పని చేస్తుంది. నిసాబ్‌కు మించిన ధనంపై ఏటా నూటికి రెండున్నర వంతు, వర్షాధారపు పంటలో పదవ వంతు హక్కుదారులకు చేరాలి. ఐచ్ఛికమైన సదఖాకు గ్రహీత మతం కూడా అడ్డు కాదు.

ఖర్చులో దుబారా, పిసినారితనం రెండూ కూడదని, మధ్యేమార్గం అవలంబించాలని దివ్య ఖుర్ఆన్ (25:67) బోధిస్తోంది. కలవాడు దుబారా మానితే మిగిలే రూపాయి అతనికి స్వల్పం. సంతలో వట్టి చేతులతో నిలబడ్డవానికి అదే రూపాయి పూట కూడు. క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని చదివినవారు ఈ తేడాను కూడా గ్రహించాలి.