బయోడేటాకు సాక్ష్యం బ్లాగు

పుదుచ్చేరిలో చదువుకు కొదవ లేదు. కాలాపేట్‌లో 1985 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 1984లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల 2020లో సాంకేతిక విశ్వవిద్యాలయమైంది. కొరత ఉద్యోగాలకే. పట్టా చేతికొచ్చాక చాలామంది చూపు 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నై మీదో, బెంగళూరు మీదో పడుతుంది. 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి యానాం నుంచి వచ్చి చదివే తెలుగు విద్యార్థికి ఆ నగరాల్లో సిఫారసు చేసే మనిషి దొరకడం కష్టం. అతని బయోడేటా వందల్లో ఒకటి. అవే మార్కులు, అవే కోర్సులు, ‘కష్టపడి పనిచేస్తాను’ అన్న అదే వాక్యం.

ఇలాంటివారికి పైసా ఖర్చులేని ఆసరా సొంత బ్లాగు. తనకేం వచ్చో బయోడేటా చెబుతుంది, బ్లాగు చూపిస్తుంది.

ఇందుకు పేరుమోసిన ఉదాహరణ మాట్ ముల్లెన్‌వెగ్. 2003 జనవరిలో 19 ఏళ్ల ఈ అమెరికా విద్యార్థి, తాను వాడే బ్లాగు సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఆగిపోయిందనీ దాన్ని కొనసాగించాలనుందనీ తన బ్లాగులో రాశాడు. అది చదివిన ఇంగ్లండ్ ప్రోగ్రామర్ మైక్ లిటిల్ చేయి కలిపాడు. మే నెలకల్లా వర్డ్‌ప్రెస్ విడుదలైంది. 2004లో సీనెట్ సంస్థ ముల్లెన్‌వెగ్‌కు ఉద్యోగమిచ్చింది.

అందరూ వర్డ్‌ప్రెస్ సృష్టించనక్కర్లేదు. ప్రాజెక్టులో రెండు రోజులు తిప్పలు పెట్టిన లోపాన్ని ఎలా పట్టుకున్నదీ రాస్తే చాలు. పర్యాటక రంగం వైపు వెళ్లేవారు ఫ్రెంచి వీధుల్లోని ఒక్కో పాత ఇంటి గురించి రాయవచ్చు. ఫ్రెంచి, తమిళం, తెలుగు తెలిసినవారికి తమ అనువాదాలే నమూనాలు.

ఎలా రాయాలో నేర్పే పాఠం ఈ ఊళ్లోనే ఉంది. డూప్లే హయాంలో దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశారు. కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ రాసింది ఈయన పేరు మీదే. ఆ దినచర్య 1846లో వెలుగు చూసింది. ఓడల రాకపోకలు, సరుకుల బేరాలు, గవర్నరుతో మాటలు తేదీలతో సహా ఉండటం వల్లే చరిత్రకారులకు అది నిధి అయింది. బ్లాగుకూ విలువ తెచ్చేది ఆ వివరమే. ‘టెక్నాలజీ భవిష్యత్తు’ వంటి వ్యాసాలు ఎవరైనా రాయగలరు.

అయితే పిళ్లై దినచర్యలా బ్లాగు దాచుకునేది కాదు. 2005లో గూగుల్‌లో చేరిన ఓ ఉద్యోగి సంస్థ సంగతులు బ్లాగుకెక్కించి కొద్ది రోజులకే కొలువు పోగొట్టుకున్నాడు. పాత యజమాని మీద అక్కసు, సంస్థల లోపలి సమాచారం, ఇంటి చిరునామా బ్లాగులో పెట్టకపోవడమే క్షేమం. రాసినవాటికి నకలు దగ్గర ఉంచుకోవాలి. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఎందరివో పేజీలు గల్లంతయ్యాయి.

బ్లాగుకు పరిమితులూ ఉన్నాయి. ప్రభుత్వ, బ్యాంకు పరీక్షల్లో దానికి మార్కులుండవు. మార్కుల కోతతో మొదలయ్యే ప్రాంగణ నియామకాల్లో అది మొదటి గండం దాటించలేదు. సాఫ్ట్‌వేర్, డిజైన్, జర్నలిజం, అనువాదం వంటి పని చూసి మనిషిని తీసుకునే రంగాల్లోనే దాని బలం.

కృత్రిమ మేధ ఒక్క రాత్రిలో 70 వ్యాసాలు రాసిపెట్టే రోజులివి. అందుకే తీరిగ్గా రాసిన బ్లాగు ఎక్కువ అక్కరకొస్తుంది. ఇంజనీరింగ్ రెండో ఏట మొదలుపెట్టి నెలకు రెండు టపాలు రాసినా చదువు ముగిసేసరికి 72 అవుతాయి. వాటిలో దేని గురించి అడిగినా తడుముకోకుండా చెప్పగలిగితే, ఇంటర్వ్యూకు సగం సన్నద్ధమైనట్టే.