బెదిరే గుర్రాన్ని మచ్చిక చేసుకోవడమే అసలు ఉద్యోగం!

గుర్రాలతో పని అనగానే జీను మీద కూర్చుని దౌడు తీయించడమే కళ్ల ముందు మెదులుతుంది. కానీ రేసు క్లబ్బులో అయినా, రైడింగ్ స్కూల్లో అయినా, పోలీసు అశ్వదళంలో అయినా రోజులో ఎక్కువ భాగం నేల మీదే గడుస్తుంది. హాల్టర్ వేయడం, ఒళ్లు రుద్దడం, గిట్టలు శుభ్రం చేయడం, డాక్టరు సూది వేసేటప్పుడు పట్టుకోవడం... ఇవన్నీ మామూలు గుర్రంతో పావుగంటలో అయిపోతాయి. బెదురు గుర్రమైతే అదే పని గంట పట్టొచ్చు, ఆసుపత్రి దాకా తీసుకెళ్లనూ వచ్చు. అందుకే ఈ రంగంలో కొత్తవాళ్లను తీసుకునేవారు మొదట చూసేది స్వారీ కాదు. భయపడిన జంతువు ముందు మీరేం చేస్తారన్నదే చూస్తారు. దీన్ని ఏ డిగ్రీలోనూ పూర్తిగా నేర్పరు. నేర్చుకోవడానికి వీల్లేని విద్యా కాదు.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. గుర్రం వెనక్కి లాగితే ‘మొండిది’ అంటాం, తన్నితే ‘పొగరు’ అంటాం. నిజానికి చాలాసార్లు అది భయమే. గడ్డి మైదానాల్లో వేటాడే జంతువుల నుంచి తప్పించుకుంటూ బతికిన జాతి అది. ముందు పరుగు, తర్వాతే ఆలోచన. పారిపోవడానికి దారి దొరకనప్పుడే తన్నడం, కరవడం.

దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మెడ తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. చూడలేనివి రెండే చోట్లు: నుదుటికి సరిగ్గా ఎదురుగా ముక్కు దగ్గర, తోకకు సూటిగా వెనకాల. మనలో చాలామంది గుర్రాన్ని చూడగానే ముద్దుగా నుదుటి మీద చెయ్యి వేయబోతాం. దానికి కనపడని చోటు నుంచి హఠాత్తుగా ఒక చెయ్యి ఊడిపడినట్టే కదా! వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మీ కంగారు దానికి తెలిసిపోతుంది

ఇంటర్వ్యూ ప్యానెల్ ముందు లోపలి కంగారును కాస్తో కూస్తో దాచుకోవచ్చు. గుర్రం దగ్గర ఆ పప్పులుడకవు. గత శతాబ్దం తొలి రోజుల్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరు వచ్చింది. ఎంత అని అడిగితే గిట్టతో అన్నిసార్లు నేలను తట్టేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో దాన్ని పరీక్షించి గుట్టు విప్పాడు. అడిగే మనిషికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియడం లేదు! సరైన సంఖ్య రాగానే ఎదుటి మనిషి తనకే తెలియకుండా తల, ఒళ్లు రవ్వంత కదిపేవాడు. గుర్రం దాన్ని పసిగట్టి ఆగిపోయేది. లెక్కలు రాకపోతేనేం, మనిషిని చదవడం అంత బాగా వచ్చు.

స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కొందరిని గుర్రాలను పట్టుకుని, లేదా వాటి మీద కూర్చుని ఒకే దారిలో పలుమార్లు తిరగమన్నారు. చివరిసారి వెళ్లే ముందు ‘ఈసారి గుర్రం పక్కనే గొడుగు తెరుస్తాం’ అన్నారు. నిజానికి తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దాంతోపాటే గుర్రం గుండె వేగమూ పెరిగింది. కాబట్టి బెదురు గుర్రం దగ్గరికి వెళ్లే ముందు చేయాల్సిన మొదటి పని మీ ఊపిరి సర్దుకోవడం. భుజాలు వదులు చేయండి, గాలి నెమ్మదిగా వదలండి. ఆలస్యమైపోతోందన్న తొందర ఉంటే ఆ పని కాసేపు వాయిదా వేసినా తప్పు లేదు.

తర్వాత చెవులు చూడండి. రెండూ అటూ ఇటూ వేగంగా తిరుగుతుంటే ఏదో వెతుకుతోందని అర్థం. మెడకు అంటుకునేలా వెనక్కి పడుకోబెడితే హెచ్చరిక. మన మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలకు చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతున్నట్టు ఉంటాయి. కొత్తవాళ్లు ఆ ఆకారం చూసి పొరబడుతుంటారు. ఆకారాన్ని కాదు, కదలికను గమనించాలి. తల పైకెత్తడం, కంటి తెల్లగుడ్డు కనిపించడం, ముక్కుపుటాలు విచ్చుకోవడం, పెదవి బిగపట్టడం, తోక లోపలికి నొక్కుకోవడం అన్నీ భయం మాటలే. తల కిందికి దించి, నోరు చప్పరించి, వెనక కాలు ఒకటి వదులుగా మడిచి నిలబడితే కాస్త కుదుటపడినట్టు.

చేయి తీయడమే పాఠం

దగ్గరికెళ్లేటప్పుడు ఎదురుగా కాకుండా భుజం వైపు నుంచి, కాస్త వంపుగా నడవండి. మెల్లగా మాట్లాడుతూ ఉంటే మీరు ఎక్కడున్నారో దానికి తెలుస్తుంది. ఒక దూరం దాటగానే తల ఎత్తుతుంది, ఒళ్లు బిగుస్తుంది. ఆ గీత దగ్గరే ఆగిపోవాలి, దాటకూడదు. అది కుదుటపడే వరకు అక్కడే ఉండి, కుదుటపడిన క్షణంలోనే మీరు వెనక్కి రెండడుగులు వేయండి. విడ్డూరంగా అనిపిస్తుంది గానీ, కీలకమంతా ఇక్కడే ఉంది. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి పెట్టినప్పుడు కాదు, తీసేసినప్పుడు. ఎగిరి గంతేసినప్పుడు మీరు వెనక్కి తగ్గితే ‘గంతేస్తే చాలు, పోతాడు’ అని నేర్చుకుంటుంది. నెమ్మదిగా నిలబడినప్పుడు తగ్గితే ‘నిలబడితే చాలు’ అని నేర్చుకుంటుంది. తేడా ఒకట్రెండు సెకన్లే. ఆ సెకన్లను పట్టుకోగలిగినవాళ్లే మంచి హ్యాండ్లర్లు.

మొదటి స్పర్శ కూడా మొహం మీద వద్దు. జూలు ముగిసేచోట, భుజాల పైన ఎత్తుగా ఉండే భాగంలో వేళ్లతో గీరండి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గీరుకునేది అక్కడే. అక్కడ గీరితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో చేసిన పరిశోధనలో 1993లోనే తేలింది. అరచేత్తో దబదబా చరిచి ‘శభాష్’ అనేవాళ్లు కనిపిస్తారు. అది మనకు ఆనందమే గానీ గుర్రానికి కాదు.

వస్తువుల భయానికీ ఇదే పద్ధతి. హైదరాబాద్‌లో పెళ్లి బరాత్ గుర్రాలు బ్యాండు, టపాసులు, లైట్ల మధ్య నడుస్తుంటే చూసే ఉంటారు. అలాంటి చప్పుళ్లు అలవాటు చేయాలంటే తెలిసినవాళ్లు ముందు రికార్డు చేసిన శబ్దాన్ని చాలా తక్కువగా, దూరం నుంచి వినిపిస్తారు. గడ్డి తింటూ పట్టించుకోని స్థితి వచ్చాకే కాస్త పెంచుతారు. తెలియనివాళ్లు కట్టేసి నేరుగా మోత మోగిస్తారు. కాసేపు గింజుకుని, చివరికి అది కదలకుండా నిలబడిపోతుంది. ‘దారికొచ్చింది’ అనుకుంటారు. అది అలవాటు పడటం కాదు, ఆశ వదులుకోవడం. అలాంటి గుర్రం ఏదో ఒక రోజు ఏ సూచనా లేకుండా విరుచుకుపడుతుంది. అప్పుడు పక్కనున్నది మీరే కావచ్చు. కొరడా పనిని తొందరగా పూర్తి చేయించిన మాట నిజమే, కానీ మర్నాడు పొద్దున హాల్టర్ చూడగానే గుర్రం మూలకు పోతే ఆ తొందరకు విలువేముంది?

ఇంకో మాట. నిన్నటిదాకా బాగున్న గుర్రం ఇవాళ బెదురుతుంటే ముందు నొప్పి ఉందేమో చూడాలి. వీపు పుండు, పంటి నొప్పి, సరిపోని జీను, గిట్టలో దిగిన మేకు... కారణం ఏదైనా కావచ్చు. శిక్షణ కంటే ముందు పశువైద్యుడు రావాలి.

ఎక్కడ పని దొరుకుతుంది?

మలక్‌పేటలోని హైదరాబాద్ రేస్ క్లబ్ లాంటి చోట్ల ట్రైనర్ల కింద సైసులు, రైడర్లు పనిచేస్తారు. రైడింగ్ స్కూళ్లకు స్వారీ నేర్పేవాళ్లు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపు స్వారీ ఇప్పటికీ ఒక భాగం. బీవీఎస్సీ చదివేవారికి దారి ఇంకా విశాలం. సైన్యంలోని రీమౌంట్ వెటర్నరీ కోర్ పట్టభద్రులను షార్ట్ సర్వీస్ కమిషన్ కింద తీసుకుంటుంది. దీని శిక్షణ కేంద్రం మేరఠ్‌లో ఉంది. పరిశోధన వైపు ఆసక్తి ఉంటే హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. లాడాలు కొట్టే పని చిన్నచూపు చూడాల్సింది కాదు. గుర్రం ఉన్న ప్రతిచోటా ఆ నైపుణ్యానికి గిరాకీ ఉంటుంది. పైగా గిట్ట చేతికివ్వని బెదురు గుర్రంతో రోజూ తలపడేది వాళ్లే.

ఉన్నమాట చెప్పుకోవాలి: సైసు స్థాయిలో మొదటి జీతాలు తక్కువే, పండగ రోజూ సెలవుండదు. గుర్రానికి ఆదివారం తెలియదు మరి. ఇంట్లో ‘డిగ్రీ చదివి గుర్రాల దగ్గరా?’ అనడమూ ఖాయమే. అందుకే చదువు మధ్యలో ఆపకుండా ముందు రుచి చూడండి. మీ కాలేజీకి ఎన్‌సీసీలోని రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం అందుబాటులో ఉందేమో కనుక్కోండి. లేదంటే దగ్గర్లోని రైడింగ్ స్కూల్లో సెలవుల్లో సాయానికి వస్తామని అడగండి.

ట్రయల్‌కు పిలిస్తే గట్టి బూట్లు వేసుకోండి, సెంటు పూసుకోవద్దు. తాడును ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు. గుర్రం లాగితే వేళ్లు పోతాయి. దాన్ని మడతలుగా పట్టుకోవాలి. వెనక నుంచి వెళ్లాల్సి వస్తే తన్ను అందనంత దూరంగా వెళ్లండి. ‘ఇది దేనికి భయపడుతుంది?’ అని అక్కడి పాత సైసును అడగండి. ఏళ్ల తరబడి చూసినవాళ్లు కాబట్టి గొడుగు దగ్గర్నుంచి పాలిథిన్ కవర్ దాకా ఒక్కో గుర్రం గురించీ చెబుతారు. పని తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి వాళ్లకు కాస్త తీరిక దొరికేది తొమ్మిది, పది గంటలకు, దాణా వేశాక.