ఓడలో నేల టిక్కెట్టు!

సినిమా హాల్లో నేల టిక్కెట్టువాడికీ, బాల్కనీ టిక్కెట్టువాడికీ కనబడే బొమ్మ ఒక్కటే. తేడా అంతా నడుముకీ, మెడకీ, జేబుకీ! ఇంత చిన్న సంగతి పుట్టుకతోనే తెలిసిన తెలుగువాడు, ఓడ ప్రయాణం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎందుకో తడబడిపోతాడు. నేనూ తడబడ్డాను. ఆ ముచ్చటే ఇది.

2023 సెప్టెంబరులో మా అమ్మను వెంటబెట్టుకుని సియాటిల్ రేవులో అలాస్కా ఓడెక్కాను. ఏడు రాత్రుల ప్రయాణం. అక్కా, బావా అక్కడికి దగ్గర్లోనే ఉంటారు. నాన్నగారు పోయిన రెండేళ్ల తర్వాత అమ్మ తెనాలి దాటి అంత దూరం రావడం అదే మొదలు. మంచుకొండలు చూడాలన్నది నాన్నగారి కోరిక. ఆయన చూడలేకపోయారు, కనీసం అమ్మకైనా చూపించాలని నా పట్టుదల. పట్టుదలకేం, బోలెడుంది. పత్రికలకు వ్యాసాలు రాసి బతికేవాడి దగ్గర లేనిదల్లా డబ్బే!

ఓడలో గదులు ముఖ్యంగా నాలుగు తరగతులు. కిటికీ లేని లోపలి గది, సముద్రం కనిపించే కిటికీ గది, బాల్కనీ గది, ఆపైన పెద్ద సూట్లు. లోపలి గదికీ బాల్కనీకీ మాకు చెప్పిన తేడా మనిషికి 600 డాలర్లు. ఇద్దరికీ కలిపి ఇంచుమించు లక్ష రూపాయలు. నేను లోపలి గది అనగానే బావ పకపకా నవ్వాడు.

''ఏమోయ్ బావమరిదీ! అలాస్కా వెళుతూ కిటికీ లేని గదా? పెళ్లికెళ్లి వంటింట్లో కూర్చున్నట్టుంటుంది. ఆ తేడా ఏదో నేనిస్తాలే.''

అమ్మ ఒప్పుకోలేదు. ''వద్దు బాబూ. పడుకుంటే కళ్లు మూసుకునేదేగా? దానికి లక్ష రూపాయలెందుకు?'' అంది. అంతటితో ఆ వాదం ఆగింది. నాలో గుబులు మాత్రం ఆగలేదు. తీరా వెళ్లాక అమ్మ ఆ పెట్టెలాంటి గదిలో ఇబ్బంది పడితే? నా పిసినారితనం వల్ల ఆవిడ ఒక్కగానొక్క ప్రయాణం పాడైతే?

గది ఎంచుకోవడంలో కిటుకులు

లోపలి గదులన్నీ ఒకటి కావు. ముందుగా ఓడ అంతస్తుల పటం తీసి ముందు వేసుకోవాలి. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో గది తీసుకుంటే ఊపు తక్కువ. ఉయ్యాల చివర కంటే నడిమి కుదురుగా ఉంటుంది కదా, అంతే! ఈత కొలను కిందా, భోజనశాల కిందా ఉన్న గదులు మంచివి కావు. తెల్లారకముందే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తారు. నాట్యశాలకు ఆనుకున్న గదైతే అర్ధరాత్రి దాకా డ్రమ్ములే! మా పైనా, కిందా కూడా గదులే ఉండేట్టు చూసుకున్నాను.

కొంచెం తక్కువ ధరకు ''గది నంబరు మేమే ఇస్తాం'' అనే టిక్కెట్లు కూడా అమ్ముతారు. కుర్రాళ్లకు ఫర్వాలేదు గానీ పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ జూదం ఆడకూడదు. ఇంకో సంగతి. ధరలన్నీ గదికి ఇద్దరన్న లెక్కమీద చెబుతారు. ఒంటరిగా వెళ్లేవాడు తరచు రెండు టిక్కెట్ల డబ్బూ కట్టాల్సి వస్తుంది. దానిమీద రేవు పన్నులు, నౌకర్లకు రోజువారీ బక్షీసు అదనం. ప్రకటనలో పెద్దక్షరాల ధర చూసి మురిసిపోకండి!

నెల కూడా ముఖ్యమే. అలాస్కా ఓడలు ప్రధానంగా మే నుంచి సెప్టెంబరు దాకా తిరుగుతాయి. ఈ చివరా, ఆ చివరా ధరలు తగ్గుతాయి. జూన్‌లో అక్కడ పద్దెనిమిది గంటల పగలు. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లకు కిటికీ లేని గదే హాయి, చీకట్లో కమ్మగా నిద్ర పడుతుంది!

అన్నట్టు, మనవాళ్లు మరిచిపోయే ఖర్చు ఒకటుంది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం, పరదేశపు జెండా ఉన్న ఓడ సియాటిల్‌లో బయలుదేరి మళ్లీ సియాటిల్‌కే రావాలంటే మధ్యలో వేరే దేశపు రేవు తాకాలి. అందుకే ఈ ఓడలు తరచు కెనడాలోని విక్టోరియాలో ఓ సాయంత్రం ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. అమెరికా వీసా కూడా మళ్లీ ప్రవేశించడానికి వీలైనదై ఉండాలి. ఇది చూసుకోకపోతే గది సంగతి దేవుడెరుగు, ఓడే ఎక్కనివ్వరు!

మొదటి రాత్రి

గది చూడగానే అమ్మ ''బావుందిరా, మన ముందు గదంత ఉంది'' అంది. రెండు మంచాలు, బీరువా, స్నానాలగది, గోడకో టెలివిజన్. దీపం ఆర్పాక తెలిసింది అసలు సంగతి. అంతటి చీకటి నేనెప్పుడూ చూడలేదు! సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటగా పసిఫిక్ సముద్రంలోంచి పోతాయి కాబట్టి ఆ రాత్రి ఊపు కూడా కొంచెం ఉంది. (ఊపంటే భయమున్నవాళ్లు వాంకూవర్ నగరంలో బయలుదేరే ఓడ చూసుకోవడం మంచిది. అవి దీవుల చాటున పోతాయి.)

అర్ధరాత్రి అమ్మ గాభరాగా లేచి కూర్చుంది. ''ఏరా, ఎక్కడున్నాం? తెల్లారిందా?'' గొంతులో వణుకు. నాకు గుండె జారిపోయింది. తప్పు చేశాను, బావ మాట వినాల్సింది అనుకున్నాను.

తడుముకుంటూ టెలివిజన్ పెట్టాను. ఓడ ముందుభాగంలో అమర్చిన కెమెరా చూపించే దృశ్యం ఒక చానల్లో రాత్రింబవళ్లు వస్తుంది. చాలా ఓడల్లో ఈ ఏర్పాటుంది. శబ్దం తీసేశాను. చీకటి గదిలో నలుచదరంగా వెలుగు. అందులో నల్లటి నీళ్లు, దూరంగా ఒక దీపం.

అమ్మ కాసేపు చూసి, ''మీ నాన్న కాబిన్‌లా ఉందిరా!'' అంది.

మా నాన్నగారు తెనాలిలో సినిమా ఆపరేటరు. కార్బన్ కడ్డీల వేడిలో, కిటికీ లేని కాబిన్‌లో ముప్ఫయ్యేళ్లు నిలబడ్డారు. గోడకున్న బెత్తెడు రంధ్రంలోంచే ఊటీ చూశారు, కాశ్మీరం చూశారు, లోకమంతా చూశారు. అమ్మ కారియరు తీసుకెళ్లి అదే రంధ్రంలోంచి ఒకటో రెండో పాటలు చూసి వచ్చేదట. ఆ కబుర్లు చెబుతూ చెబుతూ నిద్రపోయింది. మిగిలిన ఆరు రాత్రులూ ఆ టెలివిజన్ వెలుగుతూనే ఉంది!

బొమ్మ మొదలైంది

జూనో, స్కాగ్వే రేవులు చూశాం. 1897లో బంగారం కోసం జనం ఎగబడ్డ దారి స్కాగ్వే మీదుగానే. చాప్లిన్ 1925లో తీసిన ''ది గోల్డ్ రష్''కు ఆధారం ఆ వెర్రే! జూనోలో మిగిల్చిన డబ్బుతో చిన్న పడవెక్కి తిమింగలాలను చూశాం. మనిషికి 170 డాలర్లు. బాల్కనీ గది తీసుకుని ఉంటే ఆ పడవ మాకు దక్కేది కాదు.

ఆ తర్వాత గ్లేసియర్ బే. రోజుకు రెండు పెద్ద ఓడలకు మించి లోపలికి రానివ్వరు. పార్కు ఉద్యోగులు ఓడెక్కి మైకులో అన్నీ వివరిస్తారు. 1794లో ఈ అఖాతం దాదాపు మొత్తం మంచుకిందే ఉండేదట. 1879లో జాన్ మ్యూర్ వచ్చేనాటికి ఆ మంచు ముప్ఫై మైళ్లకు పైగా వెనక్కి పోయింది. మేం చూసిన మార్జరీ హిమానీనదం పొడవు 21 మైళ్లు, నీటిపైన ఎత్తు సుమారు 250 అడుగులు. నీలంగా, పగుళ్లుదేరి, నిలువెత్తు గోడ!

ఆ వేళకు బాల్కనీలవాళ్లు కూడా చాలామంది మా పక్కకే వచ్చేశారు. ఎందుకంటే బాల్కనీలో ఒక పక్కే కనబడుతుంది, పై అంతస్తులో ముందుకు నిలబడితే అంతా కనబడుతుంది. అక్కడికి టిక్కెట్టు తేడా లేదు. అమ్మ మంకీ కాప్, రెండు శాలువాలతో అద్దాల హాల్లో కూర్చుని, గోడ దగ్గరపడగానే కమ్మీ పట్టుకుని నిలబడింది. హఠాత్తుగా ఓ పెద్ద ముక్క విరిగి నీళ్లలో పడింది. క్షణం ఆగి ఉరుములాంటి శబ్దం.

''ఏరా, సౌండు వెనకబడిందే!'' అంది ఆపరేటరు భార్య. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది.

ఎవరికి పనికిరాదు?

నిజం చెప్పాలి కదా! మూసిన గదిలో ఊపిరాడనట్టుండేవాళ్లూ, చలిగాలిలో నిలబడలేనివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ కాస్త అప్పుచేసైనా కిటికీ గది తీసుకోవాలి. ఒక పొద్దున్నే తిమింగలం ఓడ పక్కనే పోయిందట. మేం చొక్కాలు తొడుక్కుని పైకొచ్చేసరికి అలలు మాత్రమే మిగిలాయి. ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే. మిగతావాళ్లు చిన్న రాత్రి దీపం, బైనాక్యులర్లు, దళసరి కోటు పట్టుకెళితే చాలు. అయినా మనకిది కొత్తేం కాదు. బాపు గారు 1973లో ''అందాల రాముడు'' కథంతా గోదావరి లాంచీ మీదే నడిపారు. పాపికొండలు వస్తుంటే ఎవడైనా గదిలో కూర్చుంటాడా?

సియాటిల్ రేవులో బావ ఎదురొచ్చాడు. ''ఎలా ఉంది అత్తయ్యా, కిటికీ లేని గది?''

''గది సంగతి ఎందుకు బాబూ'' అంది అమ్మ, ''బొమ్మ బ్రహ్మాండం! నేలలో కూర్చుని చూశాం, తెరకు దగ్గరగా.''