మసిగుడ్డ: పత్తి పండే ఊళ్ళో పాలిస్టర్ ఎందుకు పట్టుకుంటున్నాం?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయే వస్తువు మీ ఇంట్లో రోజుకి ఇరవైసార్లు ఎవరో ఒకరి చేతిలోకి వస్తుంది. కానీ దాన్ని కొనడానికి ఎవరూ బజారుకెళ్ళరు. మసిగుడ్డ! ఆన్‌లైన్‌లో పాట్ హోల్డర్, ఓవెన్ మిట్ అని అమ్మేవి దీని చుట్టాలే. "మసిగుడ్డ మీద కూడా వీడియో ఏందిరా" అని మా అమ్మే అడిగింది. ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ ఏది మంచిదో గంటసేపు రివ్యూలు చూస్తాం, మరి చెయ్యి కాలకుండా కాపాడే దాని గురించి పది నిమిషాలు మాట్లాడుకుంటే తప్పేముంది చెప్పండి.

ఇప్పుడు ఒక పని చేయండి. ఫోన్ పట్టుకునే వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ గట్టు మీద ఉన్న మసిగుడ్డ ఏ బట్టో చూడండి. చాలా ఇళ్ళల్లో పాత నైటీ ముక్కో, చున్నీ ముక్కో, చిన్నప్పటి స్కూల్ యూనిఫామో ఉంటుంది. అందులో ఎక్కువ భాగం పాలిస్టర్, లేదా పాలిస్టర్ కలిసిన కాటన్.

మనం ఉండేది ఎక్కడండీ? గుంటూరు, పల్నాడు, ప్రకాశం. నల్లరేగడి నేల, మిరప తోట పక్కనే పత్తి చేను. చిలకలూరిపేట వైపు వెళ్తే స్పిన్నింగ్ మిల్లులు, చీరాల వైపు వెళ్తే చేనేత మగ్గాలు. ఇన్ని ఉన్న చోట మసిగుడ్డ పాలిస్టర్ ఎలా అయింది? ఎవరూ కావాలని మార్చలేదు. మసిగుడ్డ అంటే ఎప్పుడూ పాతబట్టే. తాతయ్య పంచె, నాన్న లుంగీ, నాన్నమ్మ నేత చీర చిరిగితే అదే వంటింట్లోకి వచ్చేది. అవన్నీ నూలు బట్టలు కాబట్టి మసిగుడ్డ కూడా నూలుదే అయ్యేది. మనం కట్టే బట్టలు మారాయి, కాబట్టి చిరిగే బట్టలూ మారాయి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కింద ఉన్న లైబ్రరీ మారిపోయింది, పైన ఎవరూ టెస్ట్ చేయలేదు.

తేడా ఏంటో చూద్దాం. ఇస్త్రీ పెట్టె డయల్ గుర్తుందా? మూడు చుక్కలు కాటన్‌కి, అంటే సుమారు 200 డిగ్రీలు. పాలిస్టర్‌కి రెండు చుక్కలు, సుమారు 150. దానికి మించితే పాలిస్టర్ ముడుచుకోవడం, మెరుపెక్కడం మొదలవుతుంది, 250 - 260 దగ్గర పూర్తిగా కరిగిపోతుంది. మరి వంటింట్లో ఏది ఎంత వేడి? మరిగే నీళ్ళు 100, ప్రెషర్ కుక్కర్ లోపల 120 దాకా, గారెలు వేగే నూనె 170 - 190, ఖాళీగా కాలుతున్న పెనం 250 కూడా దాటొచ్చు. గ్యాస్ మంట సంగతి సరే సరి, వెయ్యి డిగ్రీల పైమాటే. పాలు దించడానికి పాలిస్టర్ గుడ్డ వాడితే కొంపేం మునగదు. పెనం అంచు పట్టుకున్నప్పుడు, వేలాడే గుడ్డ కొస మంటకి తగిలినప్పుడు అసలు సమస్య మొదలవుతుంది.

నిజాయితీగా చెప్పాలంటే కాటన్ కూడా అంటుకుంటుంది, బాగానే మండుతుంది. కానీ అది కరగదు. మాడి బొగ్గవుతుంది, విదిలిస్తే రాలిపోతుంది. పాలిస్టర్ కరిగి, కాలుతున్న జిగురులా చర్మానికి అతుక్కుంటుంది. కొంగుతో గిన్నె దించొద్దని ఇంట్లో చెప్పాల్సింది కూడా ఇందుకే. సింథటిక్ చీర కొంగు అంటుకుంటే విసిరేయడానికి చేతిలో ఉన్న గుడ్డ కాదు, ఒంటి మీద ఉన్న చీర!

సరే, కాటన్ అయితే చాలా? చాలదు. ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చేతిని కాపాడేది గుడ్డ కంటే ఎక్కువగా ఆ గుడ్డలో ఇరుక్కున్న గాలి. దారాల మధ్య, పొరల మధ్య చిన్న చిన్న గాలి గదులుంటాయి. గాలి వేడిని చాలా మెల్లగా పంపుతుంది. అదే నీళ్ళయితే గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా పంపుతాయి. గట్టు తుడిచిన గుడ్డతోనే కుక్కర్ దించారనుకోండి, గాలి ఉండాల్సిన చోటల్లా నీళ్ళున్నట్టు. వేడి తిన్నగా వేళ్ళకొస్తుంది, గిన్నె మరీ కాలితే ఆ నీళ్ళే ఆవిరై చర్మానికి తగులుతాయి. సగం గిన్నె ఎత్తాక చురుక్కుమంటే ఏం చేస్తాం? వదిలేస్తాం. కాళ్ళ మీద పడేది సాంబారు. అందుకే తుడిచే గుడ్డ వేరు, పట్టే గుడ్డ వేరు. రంగులు కూడా వేరుగా ఉంటే ఇంకా మంచిది, హడావుడిలో కలవవు.

ఈ తడి గొడవ అన్నిటికంటే ఎక్కువ ఎక్కడంటే గంజి వార్చేటప్పుడు. ఇప్పుడు చాలామంది కుక్కర్‌లో పెట్టేస్తున్నారు గానీ ఇంటికి పదిమంది చుట్టాలొస్తే మళ్ళీ పెద్ద గిన్నె, సిబ్బి, వార్పే కదా. ఒకసారి ఊహించండి. రెండు చేతులా గుడ్డలు, బొటనవేళ్ళతో మూత నొక్కిపెట్టి, వేళ్ళతో గిన్నె అంచు పట్టి, ఐదారు కిలోల బరువు వంచుతున్నాం. మరుగుతున్న గంజి మూత సందులోంచి ముంజేతుల దగ్గరే కారుతుంది, ఆవిరి మణికట్టుకి కొడుతుంది. పని మొదలుపెట్టినప్పుడు పొడిగా ఉన్న గుడ్డ పని మధ్యలో తడిసిపోతుంది. అప్పుడు చేయి మార్చుకోవడానికి వీల్లేదు, దించడానికీ వీల్లేదు. 60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లు తగిలితేనే చర్మం లోతుగా కాలుతుంది, ఇక్కడ గంజి 100కి దగ్గర్లో ఉంటుంది. కాబట్టి ఈ పనికి బాగా మందమున్న పొడి గుడ్డలు రెండు కావాలి, మణికట్టు దాకా కప్పాలి. గిన్నెని గాల్లో మోస్తూ వార్చకుండా సింక్ అంచుకో, పీటకో ఆనించి వంచాలి. ఒక్కరే ఇంత బరువు వార్చాల్సిన అవసరం కూడా లేదు, ఇంట్లో మగవాళ్ళు ఫోన్ పక్కన పెట్టి లేవొచ్చు.

ఇక కొనేవాటి సంగతి. ఓవెన్ మిట్ అంటే బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగు వేళ్ళకి ఒక గది ఉండే తొడుగు. కేకు ట్రే బయటికి తీయడానికి అది భేష్. కానీ మన గిన్నెల్లో చాలావాటికి చెవులుండవు, సన్నటి అంచు పట్టుకోవాలి. లావు మిట్‌తో అంచు దొరకదు, జారుతుంది. నా సలహా ఏంటంటే ఓటీజీ ఉంటేనే మిట్ కొనండి, లేకపోతే నలుచదరం పాట్ హోల్డర్లు రెండు చాలు. చిన్న గిన్నెలకి ఎటూ పట్టకారు ఉంది. బరువు గిన్నెలకి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు, కొంచెం అటూ ఇటూ అయితే గిన్నె తిరిగిపోతుంది.

మిట్ కొంటే ముందు చూడాల్సింది బొటనవేలికీ అరచేతికీ మధ్య ఉండే వంపులో కుట్టు. చిరగడం అక్కడే మొదలవుతుంది. రెండు వరసల కుట్టు ఉందా, లాగితే దారాల మధ్య వెలుతురు కనబడుతోందా చూడండి. పొడవు మణికట్టు దాటాలి. లేబుల్‌లో కాటన్ అని రాసున్నా అది పై బట్ట గురించే కావచ్చు, లోపల దూదిలా ఉండేది పాలిస్టర్ కావచ్చు. ఫిల్లింగ్ ఏంటో విడిగా రాశారా చూడండి. వెండి రంగు పూత ఉన్నవి చూడ్డానికి గొప్పగా ఉంటాయి. ఆ పూత దూరం నుంచి కొట్టే సెగని తిప్పికొడుతుంది, కానీ మనం గిన్నెని నేరుగా పట్టుకుంటాం కాబట్టి లాభం తక్కువ. సిలికాన్‌వి 220 డిగ్రీల దాకా తట్టుకుంటాయి, తడవవు, కాబట్టి ఇడ్లీ పాత్రకి బాగుంటాయి. అయితే పల్చటి సిలికాన్ కాసేపటికి వేడెక్కుతుంది, లోపల కాటన్ పొర ఉన్నదే తీసుకోండి. కడిగాక లోపల తడి ఉండగా మాత్రం తొడుక్కోవద్దు.

అసలు కొనకుండానే పని జరిగే దారి ఇంకా మంచిది. చిన్న బొంత కుట్టుకోవడమే! పాత లుంగీ, నేత తువ్వాలు, పంచె ఏదైనా సరే, ముందు ఒక దారం పీకి పరీక్ష చేయండి. సింక్ మీద, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని, నల్ల పొగతో, చివర గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కనిపిస్తే కలిపి నేసిన బట్ట, అది గట్టు తుడవడానికి ఉంచేయండి. అడ్డం దారం, నిలువు దారం రెండూ పరీక్షించండి, ఒక్కోసారి పడుగు ఒకటి, పేక ఒకటి ఉంటుంది.

కాటన్ అని తేలాక ఒకసారి వేడినీళ్ళలో ఉతికి ఆరేయండి, కుంచించుకోవాల్సింది ముందే కుంచించుకుంటుంది. అరచేయి కంటే రెండు అంగుళాలు పెద్దగా, ఏడెనిమిది అంగుళాల చదరాలు కత్తిరించి, లుంగీ బట్టయితే ఎనిమిది పొరలు, తువ్వాలయితే నాలుగు పొరలు పేర్చండి. బొంతకి వేసినట్టే అడ్డంగా, నిలువుగా అంగుళంన్నర దూరంలో కుట్లు. మరీ దగ్గరగా కుడితే పొరలు అణిగిపోయి గాలికి చోటుండదు. టైలర్‌కి ఇస్తే కాటన్ దారమే వేయమని గట్టిగా చెప్పండి, మామూలుగా మిషన్ మీద ఉండేది పాలిస్టర్ దారం. అంచులు మడిచి కుట్టించండి, వేలాడే పోగే ముందు మంటని పట్టుకుంటుంది. తగిలించుకోవడానికి ఒక మూల చిన్న ఉంగరం. అది స్టవ్ వెనక మేకుకి కాదు, చేతికందే పక్క గోడకి.

ఉతకడం గురించి ఒక గుంటూరు మాట. ఎండుమిరపకాయలు వేయించిన మూకుడు పట్టుకున్న గుడ్డతో ముఖం తుడుచుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కారంలో ఉండే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, ఉత్త నీళ్ళకి పోదు. సబ్బు వేసి వేడినీళ్ళలో నానబెట్టాలి. ఇంకో తమాషా ఏంటంటే, మన ఒంట్లో కారాన్ని పసిగట్టేదీ, 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టేదీ ఒకటే సెన్సర్. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరు. కాలిన వేలికి కారం గుడ్డ తగిలితే ఎందుకంత మంటో అర్థమైంది కదా.

నూనె పీల్చి గట్టిపడిన గుడ్డ దీపం వత్తితో సమానం, దాన్ని మంట దగ్గరకి రానివ్వొద్దు. గోధుమ రంగు మచ్చ పడి, గోటితో గీరితే పొడిలా రాలుతుంటే ఆ చోట కాటన్ చచ్చిపోయినట్టే. పొరలు అట్టలా అణిగిపోయినా మార్చేయండి. మంచిగా కుట్టింది వారం వారం ఉతుక్కుంటూ, మూడు నాలుగు మార్చుకుంటూ వాడితే ఏళ్ళు వస్తుంది.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి కాలుతుంది. అప్పుడు వెంటనే కుళాయి కింద, మామూలు చల్లటి నీళ్ళ ధారలో 20 నిమిషాలు పెట్టండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, పసుపు వద్దు. బట్ట కరిగి అతుక్కుంటే లాగొద్దు, దాని మీదుగానే నీళ్ళు పోసి ఆసుపత్రికి వెళ్ళండి. అరచేయంత కాలినా, ముఖం కాలినా, పిల్లలకి కాలినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. అన్నట్టు ఆ 20 నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, రెండో నిమిషానికే చెయ్యి తీసేయాలనిపిస్తుంది, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి.