చిన్నజాతి కుక్కలకు మలమూత్ర విసర్జన శిక్షణ

మలమూత్ర విసర్జన శిక్షణ అనగా ఇంట్లో పెంచుకొనే కుక్క నిర్ణీత వేళలలో, నిర్ణీత స్థలంలో మాత్రమే మలమూత్రాలు విసర్జించేలా అలవాటు చేయడం. కుక్కపిల్ల ఇంటికి వచ్చిన రోజునుండే, అనగా సాధారణంగా రెండు నెలల వయస్సులో, దీనిని ప్రారంభిస్తారు. పామరేనియన్, ఇండియన్ స్పిట్జ్, పగ్, డాషండ్ వంటి చిన్నజాతి కుక్కలకు ఈ శిక్షణ ఇవ్వడానికి ఎక్కువ కాలం, ఎక్కువ ఓపిక అవసరం. ఎండ తీవ్రత, నీటి కొరత గల అనంతపురం వంటి ప్రాంతాలలో ఈ శిక్షణలో కొన్ని మార్పులు చేసుకోవలసి ఉంటుంది. ముఖ్యంగా, ఇల్లు తడపకుండా ఉండాలని కుక్కకు తాగే నీరు తగ్గించడం ఇక్కడ ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

చిన్నజాతుల ప్రత్యేకత

పామరేనియన్ జాతికి ఆ పేరు బాల్టిక్ సముద్రతీరంలోని పామరేనియా ప్రాంతం వలన వచ్చింది. ఈ ప్రాంతం నేడు జర్మనీ, పోలండ్ దేశాలలో ఉంది. అసలైన పామరేనియన్ బరువు సుమారు 2 నుండి 3 కిలోలు మాత్రమే. మన పట్టణాలలో ఆ పేరుతో పిలిచే తెల్లని బొచ్చుకుక్కలలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. పగ్ జాతి 2003లో వచ్చిన ఒక మొబైల్ ఫోన్ సంస్థ ప్రకటనల ద్వారా దేశమంతటా ప్రచారం పొందింది.

చిన్న కుక్క మూత్రాశయం చిన్నది. కావున అది తరచుగా మూత్రం పోయవలసి వస్తుంది. మంచం కిందనో, బియ్యపు మూట వెనుకనో అది పోసిన కొద్దిపాటి మూత్రం ఇంటివారి కంట పడదు. కంట పడని తప్పును ఎవరూ సరిదిద్దరు. ఆ వాసన మాత్రం అక్కడే నిలిచి, మరునాడు కుక్కను మళ్ళీ అక్కడికే రప్పిస్తుంది. చిన్నజాతులు మొండివనే అభిప్రాయానికి ఇదే ప్రధాన కారణం.

కుక్క సహజ స్వభావం

పుట్టిన మొదటి రెండు మూడు వారాలు కుక్కపిల్ల తనంతట తాను విసర్జించలేదు. తల్లి నాకినప్పుడే విసర్జిస్తుంది. తల్లి ఆ మలమూత్రాలను నాకి పడకను శుభ్రంగా ఉంచుతుంది. సుమారు మూడు వారాల తరువాత పిల్లలు పడుకొనే చోటు విడిచి దూరంగా వెళ్ళి విసర్జించడం మొదలుపెడతాయి. ఎనిమిది, తొమ్మిది వారాలకు కాలికి అలవాటైన నేలను (మట్టి, గడ్డి, బండ) ఎంచుకోవడం నేర్చుకుంటాయి. తాను పడుకొనే చోటును పాడుచేయకూడదన్న ఈ స్వభావమే శిక్షణకు ఆధారం. ఇల్లంతా తన పడక వంటిదేనని కుక్కకు తెలియజేయడమే యజమాని చేయవలసిన పని.

అనంతపురం పరిస్థితులు

పడమటి కనుమల వర్షచ్ఛాయ ప్రాంతంలో ఉన్న అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఈ పరిస్థితులు శిక్షణపై మూడు విధాలుగా ప్రభావం చూపుతాయి.

మొదటిది నేల వేడి. మధ్యాహ్నం తారురోడ్డు, మిద్దెపై సిమెంటు నేల గాలికంటే చాలా ఎక్కువగా వేడెక్కి కుక్క పాదాలను కాలుస్తాయి. అరచేతి వెనుకభాగాన్ని నేలపై ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేలపై కుక్కను నడిపించరాదు. పొట్టి కాళ్ళ కుక్కలకు పొట్టకు కూడా వేడి తగులుతుంది. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ జాతికి వడదెబ్బ ప్రమాదం మరీ ఎక్కువ. మండుటెండలో బయటికి తీసుకొనిపోతే కుక్క పని ముగించకుండానే ఇంట్లోకి పరుగెత్తి, లోపల విసర్జిస్తుంది.

రెండవది వాన. వాన పడే రోజులు తక్కువ కావడం వలన తడినేల ఇక్కడి కుక్కలకు కొత్త. సెప్టెంబరు, అక్టోబరు వానలలో, అప్పటివరకు చక్కగా నేర్చుకొన్న కుక్క కూడా గడప దాటనని మొరాయించవచ్చు. అటువంటి రోజులకు పంచ కిందనో, సజ్జ కిందనో ఒక పొడిచోటు ముందే అలవాటు చేయాలి.

మూడవది నీరు. దీనిని గురించి కింద వివరించబడింది.

శిక్షణ విధానం

వేళలు: నిద్ర లేచిన వెంటనే, ఆట ముగిసిన తరువాత, తిన్న 5 నుండి 30 నిమిషాలలోపు, రాత్రి పడుకొనే ముందు పిల్లను బయటికి తీసుకొనిపోవాలి. కడుపులో ఆహారం పడగానే పెద్దప్రేగు కదలడం వలన తిన్న తరువాత విసర్జన జరుగుతుంది. కావున తిండి వేళలు నిర్ణీతంగా ఉంటే విసర్జన వేళలు కూడా నిర్ణీతమవుతాయి. పిల్ల వయస్సు నెలలలో ఎంతో దానికి ఒకటి కలిపితే, పగటిపూట అది ఆపుకోగల గంటల గరిష్ఠ పరిమితి సుమారుగా తెలుస్తుంది. ఉదాహరణకు మూడు నెలల పిల్లకు నాలుగు గంటలు. చిన్నజాతులకు ఇంతకంటే తక్కువ అనుకోవడం మంచిది.

స్థలం: ప్రతిసారి ఒకే చోటికి తీసుకొనిపోవాలి. పెరడు లేని ఇళ్ళలో ఒక వెడల్పు తట్టలో ఎర్రమట్టి లేదా ఇసుక పోసి నీడపట్టున ఉంచవచ్చు. వేరుశనగ పొట్టు ఈ జిల్లాలో సులభంగా దొరికినా వాడకపోవడమే మేలు. బూజు పట్టిన వేరుశనగలో ఏర్పడే అఫ్లటాక్సిన్ కుక్క కాలేయానికి విషం. పిల్లలు దొరికినదల్లా కొరుకుతాయి.

సంకేతం: నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం, ఆట మధ్యలో ఆగి మూలకు పోవడం, వాకిలి దగ్గర మూలగడం విసర్జనకు ముందు కనిపించే లక్షణాలు. "బయటికి" వంటి ఒకే మాటను ఇంటిల్లిపాదీ వాడాలి.

మెచ్చుకోలు: పని ముగించిన రెండు, మూడు సెకన్లలోనే మెచ్చుకొని చిన్న తినుబండారం ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చిన తరువాత ఇస్తే, ఇంట్లోకి వచ్చినందుకే ఇచ్చారని కుక్క అనుకుంటుంది. రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ (1904 నోబెల్ బహుమతి గ్రహీత) కుక్కలపై చేసిన ప్రయోగాలలో కూడా రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగినప్పుడే వాటి మధ్య సంబంధం బలపడింది.

టీకాలు పూర్తికాక ముందు

1978లో గుర్తించబడిన పార్వో వైరస్ వలన కుక్కపిల్లలకు నెత్తుటి విరేచనాలై మరణించే ప్రమాదం ఉంది. ఈ వైరస్ మలం ద్వారా వ్యాపించి, నేలలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. టీకాలు 6–8 వారాల వయస్సులో మొదలై సుమారు 16 వారాలకు పూర్తవుతాయి. అంతవరకు వీధిలో కాక పెరటిలో, మిద్దెపైన లేదా మట్టితట్టలో శిక్షణ ఇవ్వాలి. తరువాత వీధికి తీసుకొనిపోయినా, వీధికుక్కలకు బెదిరిన చిన్న కుక్క బయట విసర్జించక, ఇంటికి వచ్చి భయం తీరిన తరువాత విసర్జిస్తుంది. ఇది మొండితనం కాదు. సందడి లేని వేళను, చోటును ఎంచుకోవాలి.

తాగునీరు

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ప్రతి కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు అవసరం. అనగా మూడు కిలోల కుక్కకు ఒక గ్లాసు నీరు చాలు. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలి. కుక్క తన శరీరాన్ని ప్రధానంగా రొప్పడం ద్వారా చల్లబరచుకుంటుంది; అందుకు నీరే ఆధారం. నీరు తగ్గిస్తే మూత్రం చిక్కబడి రాళ్ళు ఏర్పడవచ్చు. ఎండలో వడదెబ్బ తగలవచ్చు. కావున నీటిని కాక, బయటికి తీసుకొనిపోయే వేళలను సరిచేయాలి. కొళాయి నీరు రెండు, మూడు రోజులకొకసారి వచ్చే వీధులలో సైతం ఆదా చేయవలసినది ఇల్లు కడిగే నీటిని, కుక్క తాగే గ్లాసు నీటిని కాదు.

శుభ్రపరచడం

మూత్రంపై బిందెడు నీరు గుమ్మరిస్తే అది బండల సందులలోకి పాకుతుంది. ముందుగా పాత వార్తాపత్రికలతో అద్ది తీసివేసి, సబ్బునీటిలో పిండిన గుడ్డతో తుడిచి, వాసన మిగిలితే తినే సోడా చల్లి ఆరిన తరువాత ఊడ్చివేయాలి. ఈ పద్ధతికి ఒక చెంబు నీరు సరిపోతుంది.

అనంతపురం ఇళ్ళలో విరివిగా వాడే తాడిపత్రి బండలు సున్నపురాయి జాతికి చెందినవి. వెనిగర్, నిమ్మరసం, బాత్‌రూం యాసిడ్ వీటి నునుపును తినివేస్తాయి. గరుకుబారిన బండ మూత్రాన్ని మరింతగా పీల్చుకుంటుంది. మూత్రంపై బ్లీచింగ్ పౌడర్ చల్లితే హానికరమైన వాయువులు వెలువడవచ్చు. ఫినాయిల్‌తో తుడిచిన నేలపై తిరిగి, కాళ్ళు నాకే పిల్లలకు దానిలోని రసాయనాలు హాని చేస్తాయి.

దండన

మూతిని మూత్రంలో రుద్దడం, కొట్టడం వంటి పద్ధతులు ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉన్నాయి. జరిగిపోయిన దానికి ఇచ్చే శిక్ష కుక్కకు అర్థం కాదు. యజమాని చూస్తుండగా విసర్జించడం ప్రమాదమని మాత్రమే అది నేర్చుకొని, చాటున విసర్జించడం మొదలుపెడుతుంది. విసర్జిస్తుండగా చూసినప్పుడు మెల్లగా చప్పట్లు కొట్టి దృష్టి మళ్ళించి, వెంటనే బయటికి ఎత్తుకొనిపోవాలి.

శిక్షణ నిలిచిపోయినప్పుడు

చక్కగా అలవాటైన కుక్క అకస్మాత్తుగా ఇంట్లో మూత్రం పోస్తే మూత్రాశయ వ్యాధి, రాళ్ళు, మధుమేహం, ముసలితనం వంటి కారణాలు ఉండవచ్చు. పశువైద్యునికి చూపించాలి. ఇంటికి వచ్చినవారిని చూసి ఒదిగిపోతూ రెండు చుక్కలు వదలడం వినయ సూచన; దానికి కోప్పడితే ఎక్కువవుతుంది. మగకుక్క కాలెత్తి మూలలు తడపడం హద్దులు గుర్తించే అలవాటు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సతో ఇది చాలావరకు తగ్గుతుంది.

ప్రజారోగ్యం, చట్టం

కుక్క మలంలోని ఏలికపాముల గుడ్లు నేలలో కొన్ని వారాలు ఉన్న తరువాతనే మనుషులకు సోకగల స్థితికి చేరుకుంటాయి. కొంకిపురుగుల పిల్లపురుగులు ఉత్తకాళ్ళతో తిరిగే పిల్లల చర్మంలోకి దూరగలవు. కావున వీధిలో విసర్జించిన మలాన్ని వెంటనే కాగితంతో ఎత్తివేయడం శిక్షణలో భాగంగానే భావించాలి. నట్టల మందు, మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా తప్పనిసరి.

ఇల్లు పాడుచేస్తున్నదన్న ఒక్క కారణంతో పెంపుడు కుక్కలను ఊరి బయట వదిలివేయడం కద్దు. ఇంట్లో పెరిగిన చిన్న కుక్క ఎండలో, వీధికుక్కల మధ్య ఎక్కువ కాలం బ్రతకలేదు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువుకు తగినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, సరైన కారణం లేకుండా ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడం నేరాలు. క్రమం తప్పని వేళలు పాటిస్తే చిన్నజాతి కుక్కలు సాధారణంగా నాలుగు నుండి ఆరు నెలలలో, కొన్ని సుమారు ఒక సంవత్సరానికి, ఈ అలవాటును పూర్తిగా నేర్చుకుంటాయి.